మూడు రోజుల్లో ఐపీటీ నేర్పొచ్చా?

డాక్టర్ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 24 మంది స్టాఫ్ నర్సులకు, సీహెచ్‌ఓలకు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లకు) డిప్రెషన్, యాంగ్జైటీలకు మాటలతో చేసే వైద్యం నేర్పమని మీ జిల్లాకు ఆర్డరు వచ్చింది. ఇచ్చింది మూడు రోజులు, ఒక హాలు, ఒక ప్రొజెక్టరు. మనుషుల మధ్య సంబంధాల మీద పనిచేసే ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ, అంటే ఐపీటీ, నేర్పుదామని మీ ఆలోచన. మూడు రోజులు చాలుతాయా, ఏం నేర్పాలి, యాంగ్జైటీకి కూడా ఇది పనిచేస్తుందా అని అడిగారు.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. ఈ పనిలోకి వచ్చి పదిహేడేళ్ళు. అందులో పదేళ్ళకు పైగా నర్సులకు, కౌన్సెలర్లకు ఇదే నేర్పుతున్నాను. కాబట్టి చూసిందే చెబుతాను.

మీ ఎంపిక సరైనదే. మూడు రోజులు మాత్రం చాలవు. అలాగని వద్దని తిప్పి పంపకండి, మళ్ళీ ఇవ్వరు. ఆ మూడు రోజుల్ని మొదలుపెట్టడానికి వాడుకోండి. అసలు చదువు ఆ తర్వాత నాలుగు నెలల్లో, వాళ్ళు చూసే మొదటి రెండు కేసుల దగ్గర జరుగుతుంది. మీరు పోట్లాడి సాధించుకోవాల్సింది ఆ నాలుగు నెలలకే.

ముందుగా, ఐపీటీ మన నర్సులకు ఎందుకు నప్పుతుందో చెప్పాలి. 1969లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. డిప్రెషన్ తగ్గినవాళ్ళకు అమిట్రిప్టిలిన్ అనే మందు కొనసాగిస్తే జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందా, దానికి మాటల వైద్యం జోడిస్తే ఇంకేమైనా ఉపయోగం ఉంటుందా అని చూడటం వాళ్ళ ఉద్దేశం. ప్రయోగం కాబట్టి థెరపిస్టులందరూ ఒకేలా చేయాలి. ఒకేలా చేయాలంటే ఏం చేయాలో రాసిపెట్టుకోవాలి. అలా ఇది మొదటినుంచీ పద్ధతి ప్రకారం నేర్పడానికి వీలైన వైద్యంగా పుట్టింది. 1984లో మాన్యువల్ పుస్తకంగా వచ్చింది. 1989లో ఫలితాలు బయటికొచ్చిన అమెరికా ప్రభుత్వ పెద్ద ట్రయల్‌లో ఆలోచనల మీద పనిచేసే సీబీటీ అనే మాటల వైద్యంతో, ఇమిప్రమిన్ అనే మందుతో పాటు దీన్నీ పరీక్షించారు. అక్కడ ఇది నిలబడింది.

మన లెక్కకి అంతకన్నా ముఖ్యమైనది ఉగాండా ట్రయల్. ఎయిడ్స్‌తో ఇంటింటా మనుషుల్ని పోగొట్టుకున్న మసాకా, రకాయ్ జిల్లాల్లో 30 ఊళ్ళలో చేశారు. అక్కడ ఐపీటీని కొందరిని కలిపి కూర్చోబెట్టి, గ్రూపుల్లో చేశారు. ఆ గ్రూపులు నడిపింది డాక్టర్లు కాదు, సైకాలజిస్టులూ కాదు. అక్కడి భాష మాట్లాడే మామూలు స్థానికులు. వాళ్ళకు రెండు వారాలు శిక్షణ ఇచ్చారు. వారానికొకసారి, గంటన్నర చొప్పున, 16 వారాలు గ్రూపులు నడిచాయి. 2003లో వచ్చిన ఫలితం ప్రకారం, చికిత్స అందిన ఊళ్ళలో, ట్రయల్‌లో చేరినవాళ్ళలో డిప్రెషన్ ఉన్నవాళ్ళు 86 శాతం నుంచి 6.5 శాతానికి తగ్గారు. అందని ఊళ్ళలో 94 నుంచి 54.7కి తగ్గారు. ఈ అంకెలు క్లాసులో చెప్పగానే సిస్టర్లు కాస్త నిటారుగా కూర్చుంటారు. తర్వాత గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన మానస్ ట్రయల్‌లో కూడా మామూలు కౌన్సెలర్లే పనిచేశారు. వాళ్ళ చికిత్సలో ఐపీటీ ఒక భాగం. 2010లో ఫలితాలు చూస్తే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో తేడా కనిపించింది, ప్రైవేటు క్లినిక్‌లలో కనిపించలేదు. మన పని ప్రభుత్వ కేంద్రాల్లోనే కాబట్టి ఆ మాట మనకు ధైర్యం.

అయితే ఉగాండాలో రెండు వారాలు చాలాయి కదా, మనకు మూడు రోజులు ఎందుకు చాలవు అని మీ పై అధికారి అడుగుతారు. రెండు వారాల తర్వాత వాళ్ళని వదిలేయలేదు, గ్రూపులు నడిచినన్నాళ్ళూ వెనక సూపర్‌విజన్, అంటే తెలిసినవాళ్ళు కేసులు విని దారి చూపడం, నడిచింది అని చెప్పండి. ఆ ముక్క ఎవరూ స్లైడ్‌లో పెట్టరు.

నా మొదటి బ్యాచ్ సంగతి చెబితే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. 30 మంది, ఐదు రోజులు, మంచి భోజనాలు, చివర్లో సర్టిఫికెట్లు. చివరి రోజు పరీక్ష పెడితే అందరికీ ఎనభై మార్కులు దాటాయి. ఆరు నెలల తర్వాత ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఇద్దరు చేస్తున్నారు. ఆ ఇద్దరూ మధ్యమధ్యలో తమంతట తాము నాకు ఫోన్ చేసి, 'మేడం, ఈ పేషెంటు ఇలా అంటోంది, ఏం చేయను' అని అడిగినవాళ్ళే. మిగతా ఇరవై ఎనిమిది మందికీ తెలివి తక్కువ కాదు. మొదటి పేషెంటు మూడో వారం రాకపోయేసరికి తమకు చేతకాదనుకుని మానేశారు. అప్పుడు పక్కన ఎవరైనా ఉండి 'మూడో వారం రాకపోవడం మామూలే, ఫోన్ చేసి పిలవండి' అని ఉంటే సరిపోయేది. ఆ తప్పు నాది.

ఇక ఏం నేర్పాలనే సంగతి.

ఐపీటీలో నాలుగు సమస్యా రంగాలుంటాయి. ఇంగ్లీషు పేర్లు మొదటిరోజే చెబితే నోట్సులో రాసుకుంటారు గానీ నోట్లోకి రావు. నేను నాలుగు తెలుగు మాటలు పెట్టుకున్నాను. పోవడం, పడకపోవడం, మారడం, లేకపోవడం. దగ్గరివాళ్ళు పోవడం. ఇంట్లోనో పనిలోనో ఎవరితోనో పడకపోవడం. పెళ్ళి, కాన్పు, రిటైర్మెంటు, వలస, జబ్బు లాంటి వాటితో బతుకు మారడం. నాలుగోది, నాకంటూ ఎవరూ లేకపోవడం. డిప్రెషన్‌తో వచ్చిన మనిషిని ఈ మధ్య జీవితంలో ఏం జరిగిందని అడిగితే వీటిలో ఏదో ఒకటి తగులుతుంది. ఒక్కోసారి రెండు తగులుతాయి. అప్పుడు ఒక్కదాన్నే పట్టుకోవాలి, మరీ కావాలంటే రెండు. నాలుగూ పట్టుకున్నవాళ్ళు ఏదీ తేల్చరు.

ఈ వైద్యం డిప్రెషన్‌కి కారణం ఇదీ అని తేల్చదు. దిగులుకీ, మనుషుల మధ్య జరిగేదానికీ ఒక ముడి ఉంటుంది, ఆ ముడి దగ్గర పని చేస్తే మనసు తేలికపడుతుందని మాత్రమే అంటుంది. 'చిన్నప్పుడు మీ నాన్న ఎలా ఉండేవారు' అంటూ ముప్పై ఏళ్ళు వెనక్కి తవ్వే అవసరం లేదు. ఆలోచనల పట్టిక రాసుకురమ్మని హోంవర్కూ ఇవ్వరు. చదువు రాని పేషెంట్ల దగ్గర ఇది పెద్ద సుఖం.

మొదటి రెండుమూడు సిట్టింగుల్లో జరగాల్సిన పనులు సిస్టర్లు తొందరగానే పట్టుకుంటారు, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మన దగ్గరికి ఎవరూ 'నాకు డిప్రెషన్' అంటూ రారు. గుండె దడ, గ్యాస్, తలంతా బరువు, అరికాళ్ళలో మంటలు, నరాల వీక్‌నెస్ అంటూ వస్తారు. అప్పటికే రెండు ఈసీజీలు, నాలుగు బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు అయ్యుంటాయి. రక్తహీనత, థైరాయిడ్ మీరు చూసేయండి. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, యాంగ్జైటీకి జీఏడీ-7 అనే ప్రశ్నల పట్టికలు చదివి వినిపించి స్కోరు వేయడం నేర్పండి. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న, చనిపోవాలనే ఆలోచనల గురించినది, గొంతు తడబడకుండా అడగడం నేర్పండి. 'అలాంటివేం లేవు కదమ్మా?' అని అడిగితే ఎవరైనా లేవనే అంటారు. 'బతకడం ఎందుకనిపించిందా? ఏం చేసుకోవాలనుకున్నారు?' అని తిన్నగా అడగాలి. ఉందంటే మీకు ఫోన్ రావాలి, ఆ రోజే. రాత్రి పూటకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పేషెంటుకూ, వాళ్ళ మనిషికీ ఇద్దరికీ రాసివ్వాలి. ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకుండానే విపరీతమైన హుషారుతో, ఖర్చులతో, మాటలతో రోజులు గడిచాయా అని కూడా అడగాలి. బైపోలార్ అనుమానం ఉన్నా, సైకోసిస్ ఉన్నా, తాగుడు అసలు సమస్యగా ఉన్నా మీ దగ్గరికే పంపాలి.

తర్వాత, ఇది జబ్బు అని పేరు పెట్టి చెప్పాలి. ఇంట్లోవాళ్ళు బద్ధకమనో, నటన అనో అంటుంటారు. 'మీకు జబ్బు చేసింది. టైఫాయిడ్ వచ్చినప్పుడు నీళ్ళు మోయమని ఎవరైనా అంటారా? ఇదీ అంతే. కొన్నాళ్ళు కొన్ని పనులు తగ్గించుకోండి, కానీ ఇక్కడికి రావడం మాత్రం మీ పని' అని. ఈ ఒక్క మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

పేషెంటు జీవితంలో ఎవరెవరున్నారో మనుషుల పట్టిక వేయించేటప్పుడు మాత్రం పుస్తకంలో ఉన్నట్టు వేయిస్తే మన దగ్గర పని జరగదు. మన ఇళ్ళలో మనుషులు ఎక్కువ. అత్త, మామ, తోటికోడలు, ఆడపడుచు, పుట్టింటివాళ్ళు, పక్కింటి పిన్ని అంటూ పేర్లు రాస్తూ పోతే గంట గడిచిపోతుంది, దగ్గర ఎవరో తెలియదు. నేను మూడు ప్రశ్నలు నేర్పుతాను. అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరిని లేపుతారు? వెయ్యి రూపాయలు అవసరమైతే నోరు తెరిచి ఎవరిని అడగగలరు? ఎవరి ముందు ఏడవగలరు? మూడింటికీ ఒకే పేరు వస్తే ఒక కథ. మూడింటికీ పేరే రాకపోతే, ఇంట్లో పదిమంది ఉన్నా, ఆ మనిషి నాలుగో మాట కిందికి వస్తుంది.

ఇప్పుడు అసలైన కష్టానికి వద్దాం. సిస్టర్లకు కొత్తవి నేర్పడం కష్టం కాదు. పాతది మాన్పించడం కష్టం. ఆ పాతది ఏమిటంటే సలహా. నర్సు ఉద్యోగమే చెప్పే ఉద్యోగం. మందు ఎలా వేసుకోవాలో, బిడ్డకు పాలు ఎలా పట్టాలో, పుండు ఎలా కడుక్కోవాలో చెప్పి చెప్పి, పేషెంటు నోరు తెరవగానే చెప్పడం అలవాటైపోయింది. పైగా మన దగ్గర సలహా అంటే ప్రేమ. 'సర్దుకుపోవాలమ్మా', 'ధైర్యంగా ఉండండి', 'పిల్లల మొహం చూసైనా' అన్న మాటలు మా నోటికీ అంతే సులువుగా వస్తాయి, కాదనను.

దీనికి నేను మూడో రోజు మొత్తం ఇచ్చేస్తాను. ఒకే ఒక్క పని చేయిస్తాను. ఒక గొడవను మాట మాటగా, సినిమా రీలు వెనక్కి తిప్పినట్టు, తిరిగి చెప్పించడం. మాన్యువల్‌లో దీన్ని కమ్యూనికేషన్ ఎనాలిసిస్ అంటారు. పలువురి కథలు కలిపి నేను రాసుకున్న ఒక రోల్‌ప్లే ఇది. మీరు వాడుకోవచ్చు.

ఆమెకు ముప్పై రెండేళ్ళు. భర్త హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతాడు. ఆమె ఊళ్ళో అత్తగారితో, ఇద్దరు పిల్లలతో ఉంటుంది. ఆరు నెలలుగా దడ, నిద్ర లేదు. 'ఆయనకు మా గురించి పట్టదు' అంటుంది. ఇక్కడే సగం మంది సిస్టర్లు 'మగాళ్ళంతా అంతేనమ్మా' అనేస్తారు. అనగానే ఆపుతాను. ఆమె చెప్పింది తీర్పు. మనకు కావాల్సింది జరిగింది. 'ఈ వారంలో ఎప్పుడు అలా అనిపించింది?' అని అడగమంటాను.

'మొన్న మంగళవారం రాత్రి ఫోన్‌లో.'

'ఎవరు చేశారు?'

'ఆయనే. తొమ్మిదింటికి.'

'మొదటి మాట ఎవరిది?'

'తిన్నారా అన్నాడు. ఆ, తిన్నాం అన్నాను. ఎప్పుడొస్తారు అన్నాను. చూద్దాంలే అన్నాడు. ఫోన్ పెట్టేశాను.'

'పెట్టేశాక?'

'ఏడ్చాను. రాత్రంతా దడ.'

ఇక్కడ మిగతా సగం మంది సిస్టర్లు ఆగిపోతారు, ఇంకేం అడగాలో తోచక. అప్పుడు నేను చెప్పేది ఒకటే. 'ఎప్పుడొస్తారు' అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది ఆ మాటేనా? అడగండి.

'కాదు. చిన్నోడికి నాలుగు రోజులుగా జ్వరం. ఒక్కదాన్నే బస్సులో తిప్పుతున్నాను. అత్తమ్మ ఒక్క మాట సాయం లేదు. అది చెప్పాలని.'

'అది చెప్పారా?'

'చెప్పాలా ఏంటి? ఆయనకి తెలియొద్దా?'

ఈ 'తెలియొద్దా' దగ్గర క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోతుంది. ఎందుకంటే అక్కడున్న ప్రతి సిస్టరూ ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో ఆ మాట అన్నదే. ఇక ఇప్పుడు పాఠం చెప్పొద్దు. 'ఆయన చెవికి ఆ రాత్రి ఏ మాట చేరింది?' అని మాత్రం అడగాలి. ఆమె కాసేపు ఆలోచించి, 'ఎప్పుడొస్తారు అన్నది ఒక్కటే' అంటుంది. 'చిన్నోడి జ్వరం చేరిందా?' 'చేరలేదు.' అంతే. ఆ తర్వాత, వచ్చే మంగళవారం ఏమని చెప్పొచ్చో ఆమె చేతే రెండుమూడు రకాలుగా అనిపించాలి. సిస్టరు భర్తగా నటించాలి. ఆమె ఎంచుకున్న మాటలు ఆమెవే అయ్యుండాలి. వారం తర్వాత వచ్చి 'చెప్పాను, అయినా చూద్దాం అన్నాడు' అంటే అది ఓటమి కాదు, తర్వాతి సిట్టింగుకి పని.

ఒక హెచ్చరిక. నోరు తెరిచి అడగడమే అన్నిటికీ మందు అని సిస్టర్లకు అనిపించేలా నేర్పకండి. కొన్ని ఇళ్ళలో కోడలు అత్తగారితో తిన్నగా అడగలేదు, అడిగితే ఇంకా చెడుతుంది. మాట ఎవరి ద్వారా పోతే పని జరుగుతుందో, మేనమామ ద్వారానో, ఆడపడుచు ద్వారానో, అది పేషెంటుకే తెలుసు. అది అడగాలి. కొడుతున్న ఇంట్లోనైతే ఈ రోల్‌ప్లేలు పక్కన పెట్టాలి. ముందు ఆమె భద్రత. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రం గురించి చెప్పాలి. భర్తను పిలిచి కలిపి కూర్చోబెట్టే ఉత్సాహం అసలు వద్దు.

పోయినవాళ్ళ గురించిన పనిలో మనకు ఒక వింత ఇబ్బంది ఉంది. పెద్దకర్మ వరకు ఇల్లు నిండా జనం. ఆ తర్వాత ఒక్కసారిగా ఖాళీ. ఏడవడానికి ఎవరూ లేని రోజులు అప్పుడు మొదలవుతాయి, అప్పటికి అందరూ 'ఇంకా ఎన్నాళ్ళు ఏడుస్తావు' అంటుంటారు. పైగా పోయినవాళ్ళ గురించి చెడు అనకూడదు. తాగి కొట్టిన భర్త పోతే ఆ భార్య దుఃఖంలో సగం కోపం ఉంటుంది, సగం 'హమ్మయ్య' ఉంటుంది, దానికి మళ్ళీ పాపభీతి ఉంటుంది. సిస్టరు తొందరపడి 'పోనీలెండి, పోయినాయన్ని ఏమనుకుంటాం' అంటే ఆ తలుపు మూసుకుపోతుంది. 'ఆయనలో మీకు నచ్చనిది ఏముండేది?' అని అడగగలిగే ధైర్యం క్లాసులో నేర్పాలి. అడిగాక నిశ్శబ్దంగా ఉండటం కూడా నేర్పాలి. నేను గడియారం పెట్టి అరవై సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఎదురెదురుగా కూర్చోబెడతాను. మొదటిసారి ఇరవై సెకన్లకే ఎవరో ఒకరు నవ్వేస్తారు.

బతుకు మారడం గురించి ఎక్కువ చెప్పను, మీ ఓపీలో రోజూ చూస్తున్నదే. గల్ఫ్ నుంచి చేతులు ఖాళీగా తిరిగొచ్చినవాళ్ళు, కాన్పు అయి పుట్టింటి నుంచి అత్తింటికి వచ్చిన అమ్మాయిలు, పిల్లలు అమెరికాలో ఉండి పెద్దింట్లో ఇద్దరే మిగిలిన దంపతులు. పోయిన పాత రోజుల్లో మంచేమిటో చెడేమిటో, కొత్త రోజుల్లో కష్టమేమిటో వీలేమిటో మాట్లాడించాలి. 'కొత్త జీవితం మంచిదే' అని ఒప్పించే ప్రయత్నం వద్దు. కాన్పు తర్వాతి డిప్రెషన్‌లో ఐపీటీ పనిచేస్తుందని మంచి ఆధారాలున్నాయి, కాబట్టి మీ 24 మందిలో ప్రసూతి వార్డు సిస్టర్లు ఉంటే వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి.

యాంగ్జైటీ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, డిప్రెషన్‌కి ఉన్నంత బలమైన ఆధారం దానికి లేదు. మన ఓపీలో ఎక్కువమందికి రెండూ కలిసే ఉంటాయి. అలాంటి చోట ఐపీటీ ధైర్యంగా వాడొచ్చు, దిగులు తగ్గితే టెన్షన్ కూడా తగ్గడం నేను చాలాసార్లు చూశాను. పెద్ద ఆఘాతం తర్వాత వచ్చే పీటీఎస్‌డీకి, 2015లో వచ్చిన జాన్ మార్కోవిట్జ్ ట్రయల్‌లో, భయపెట్టిన సంఘటనను మళ్ళీ మళ్ళీ ఎదుర్కొనే ఎక్స్‌పోజర్ చికిత్స కన్నా ఐపీటీ పెద్దగా వెనకబడలేదు. కానీ నలుగురిలోకి వెళ్ళాలంటే భయపడే సోషల్ యాంగ్జైటీలో సీబీటీతో పోల్చి చూసినప్పుడు సీబీటీదే పైచేయి అయింది. ఒట్టి ప్యానిక్, ఓసీడీ కేసుల్ని ఐపీటీ నేర్చుకున్న సిస్టర్లకు ఇవ్వకండి. 'ఇది ఎవరికి పనికిరాదు' అన్నది కూడా శిక్షణలో భాగమే. కొత్తగా సుత్తి దొరికినవాళ్ళకి అన్నీ మేకుల్లాగే కనిపిస్తాయి, మాకూ అనిపించాయి.

ఇక లెక్కలు. 24 మందికి సూపర్‌విజన్ ఇవ్వాలంటే నలుగురికొక గ్రూపు చొప్పున ఆరు గ్రూపులు. గ్రూపుకి వారానికి ఒక గంట. అంటే వారానికి ఆరు గంటలు, నాలుగు నెలలు. మీ ఓపీ, క్యాంపులు, కోర్టు సాక్ష్యాల మధ్య అది మీ ఒక్కరి వల్ల కాదు. అందుకని 24 మందినీ మూడు రోజులకు పిలవండి, కానీ అందులోంచి ఎనిమిది మందిని ఎంచుకుని ముందుకు తీసుకెళ్ళండి. రెండు గ్రూపులు, వారానికి రెండు గంటలు, ఫోన్‌లో అయినా సరే. నాలుగు నెలలకు ఆ ఎనిమిది మందిలో ఇద్దరు సూపర్‌వైజర్లుగా తేలతారు. రెండో విడత వాళ్ళ చేతిలో పెట్టండి. ఎనిమిది మందిని సీనియారిటీ చూసి ఎంచుకోకండి. రోల్‌ప్లేలో ఎవరు తక్కువ మాట్లాడారో, ఎవరి ముందు పేషెంటు పాత్ర వేసినవాళ్ళు ఎక్కువ మాట్లాడారో చూసి ఎంచుకోండి. త్వరలో ట్రాన్స్‌ఫర్ ఉన్నవాళ్ళని కూడా వద్దు.

సూపర్‌విజన్‌లో 'ఏం జరిగిందో చెప్పండి' అంటే చెప్పేది వేరు, జరిగింది వేరు. అబద్ధం ఆడరు. గుర్తుండేదే అలా ఉంటుంది. ఒక సిస్టరు రిపోర్టులో 'పేషెంటు తన బాధ వివరంగా చెప్పుకుంది' అని రాసింది. రికార్డింగ్ విన్నాం. ముప్పై నిమిషాల్లో పందొమ్మిది నిమిషాలు సిస్టరే మాట్లాడింది. విన్నాక ఆమే తల పట్టుకుంది, నేను ఒక్క మాటా అనాల్సిన అవసరం రాలేదు. కాబట్టి పేషెంటు అనుమతి రాతపూర్వకంగా తీసుకుని ఆడియో రికార్డు చేయించండి. ఆ ఫైలు వాట్సాప్‌లో తిరగకూడదు. వారం సూపర్‌విజన్ కాగానే చెరిపేయాలి. ప్రతి సిట్టింగు మొదట్లో పీహెచ్‌క్యూ-9 స్కోరు వేసి, గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టించండి. ఆరో వారానికి కూడా చుక్కలు కిందికి దిగకపోతే అది మీరు మందుల గురించి ఆలోచించాల్సిన పేషెంటు.

పూర్తి ఐపీటీ అంటే 12 నుంచి 16 సిట్టింగులు. పల్లె దవాఖానాకో, విలేజ్ క్లినిక్‌కో కూలి మానుకుని పదహారుసార్లు ఎవరూ రారు. ఆరు నుంచి ఎనిమిది పెట్టుకోండి. ఐపీటీని కుదించి, నర్సుల్లాంటివాళ్ళు చేసేందుకు తయారుచేసిన ఇంటర్‌పర్సనల్ కౌన్సెలింగ్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఉచితంగా విడుదల చేసిన గ్రూప్ ఐపీటీ మాన్యువల్ కూడా ఎనిమిది సిట్టింగులదే. డౌన్‌లోడ్ చేసుకోండి, మీ స్లైడ్లలో సగం దాన్లోంచే వచ్చేస్తాయి. గ్రూపు పద్ధతి మన ఆడవాళ్ళకి బాగా కుదురుతుంది, కానీ ఒకే వీధివాళ్ళని ఒకే గ్రూపులో వేయకండి. ఎందుకో మీకు తెలుసు.

ఎన్ని సిట్టింగులో మొదటిరోజే పేషెంటుకి చెప్పాలి, చెప్పినట్టే ముగించాలి. ఈ ముగింపు మన సిస్టర్లకు చేతకాదు. ఎనిమిదో వారం పేషెంటు కవర్లో మామిడికాయలు పట్టుకొచ్చి 'ఇంకొక్కసారి రానా సిస్టర్' అంటుంది. సిస్టరు 'దానికేముంది, రండి' అంటుంది. అలా ఒక పేషెంటు రెండేళ్ళు రావడం, ఆ సిస్టరు బదిలీ కాగానే మళ్ళీ మంచం పట్టడం చూశాను. చివరి రెండు సిట్టింగులు ముగింపు గురించే మాట్లాడాలి. ఏం మారింది, ఎవరి వల్ల మారింది, మళ్ళీ దిగులు వస్తే మొదట కనిపించే గుర్తు ఏమిటి, అప్పుడు ఎవరికి చెప్పాలి అని. మామిడికాయలు తీసుకోవచ్చు.

హాలు, ప్రొజెక్టరు సంగతి సరే. తలుపు ఉన్న గది ఉందా? నేను శిక్షణ ఇచ్చిన ఒక ఆస్పత్రిలో సిస్టరు డ్రెస్సింగ్ రూమ్‌లో కర్టెన్ వెనక సిట్టింగులు చేసింది. అవతల గాజుగుడ్డ కోసం ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ఏ ఆడమనిషి అక్కడ తన అత్తగారి గురించి మాట్లాడుతుంది? వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక గది, ఆ రెండు మధ్యాహ్నాలు ఆ సిస్టరుకు వేరే డ్యూటీ లేకుండా సూపరింటెండెంట్ సంతకంతో ఒక కాగితం. శిక్షణ తేదీ ఖరారు చేసేముందే ఆ కాగితం చేతిలో పెట్టుకోండి.

సర్టిఫికెట్ల గురించి మీరు అడగలేదు గానీ మూడో రోజు సాయంత్రం అదే గొడవ వస్తుంది. ఆ రోజు 'హాజరయ్యారు' అని మాత్రం రాసి ఇవ్వండి. రెండు కేసులు రికార్డింగులతో సహా పూర్తి చేసినవాళ్ళకు నాలుగు నెలల తర్వాత రెండోది ఇవ్వండి. పైవాళ్ళు ఫోటో అడుగుతారు కాబట్టి 24 మందినీ నిలబెట్టి ఆ రోజే తీసి పంపేయండి. ఎనిమిది మంది జాబితా మాత్రం మీ దగ్గర ఉంచుకుని, సోమవారం ఉదయం మొదటి ఫోన్ మీరే చేయండి.